అపొస్తలుడికి దుబాసీ

ముందుగా నా తెలివితక్కువతనం సంగతి చెప్పేసుకుంటాను. తర్వాతైతే కథకి అడ్డం పడుతుంది. ఒక మనిషి అర్హతలను పరీక్షించే పని ఒప్పుకున్న వారంలోనే ఆ మనిషికి మా ఇంట్లో ముందు గది ఇచ్చాను, ఉతికిన దుప్పటితో సహా. జడ్జీగారు ముద్దాయిని పక్కన కూర్చోబెట్టుకుని, మజ్జిగలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే ఎలా ఉంటుందో, ఆ ఏడాది నా ఉద్యోగం అలా ఉండేది.

1999 మార్చిలో నాకు ఆ పని అప్పగించారు. అప్పటికి నేను సిడ్నీ పడమటి శివారులో ఒక వేదాంత కళాశాలలో ఆది సంఘ చరిత్ర చెప్పే లెక్చరర్ని. ట్యూటర్‌కి పైన, సీనియర్ లెక్చరర్‌కి కింద. కారు పార్కింగుకి సొంత చోటు ఉండని, పరీక్ష పేపర్లు దిద్దక తప్పని మెట్టు అది. మా సంఘాల సమాఖ్యకి ఒక గుర్తింపు కమిటీ ఉండేది. పరదేశాల నుంచి వచ్చిన బోధకులెవరైనా ఇక్కడ పాస్టరుగా పని చెయ్యాలంటే ఆ కమిటీ ముందు కూర్చోవాలి. వాళ్ళు చూసేవి అభిషేకం జరిగిన దాఖలా, వేదాంత పట్టా, సొంత ఊరి సంఘం ఇచ్చిన సిఫారసు. అధ్యక్షురాలు మార్గరెట్, రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఆవిడతో ఇద్దరు సభ్యులు. వాళ్ళకి సాయంగా ఒక పరీక్షకుడు. దరఖాస్తు చదివి, లోటుపాట్లు చూసి అభిప్రాయం రాయడం అతని పని. అతనికి ఓటు ఉండదు, బిస్కెట్లు మాత్రం ఉంటాయి. ఈసారి దరఖాస్తుదారు తెలుగువాడు కాబట్టి, కళాశాల మొత్తానికి తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, పరీక్షకుడు నేనయ్యాను.

ఫైలు మీద పేరు చూసి కళ్ళజోడు తుడుచుకున్నాను. "అపొస్తలుడు పి. ఇస్సాకు, రేపల్లె." యేసు ఎంచి పంపిన ఆ తొలి శిష్యుల గురించి పదమూడేళ్ళుగా క్లాసులో చెప్తున్నాను గానీ, ఒకరి దరఖాస్తు చేతికి రావడం అదే మొదలు.

పిలిపించింది టూంగాబీ తెలుగు సహవాసం. స్టేషనుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక చర్చి వెనక హాల్లో, ఆదివారం మధ్యాహ్నాలు కలుసుకునేవారు. చాలామంది వై2కె కుర్రాళ్ళు. సంవత్సరానికి రెండంకెలు చాలనుకున్న పాత ప్రోగ్రాములను నాలుగంకెలకి సాగదియ్యడానికి కంపెనీలు అప్పట్లో ఎవరు దొరికితే వాళ్ళని తెప్పించుకునేవి. కుర్రాళ్ళు ఒక్కో ఫ్లాటులో ఆరుగురుండేవారు. అందరికీ కలిపి ఒకటే పాత కారు. శనివారం ఆ కారు హిందూ కుర్రాళ్ళతో హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్ళేది, ఆదివారం అదే కారు టూంగాబీ హాలుకి వచ్చేది. శనివారం బ్యాచిలో కొందరు ఆదివారం కూడా వచ్చేవారు. ప్రసంగం అయ్యాక బిర్యానీ ఉండేది మరి.

ఆ సహవాసానికి పాస్టరు లేడు. హాలు యజమానులు కూడా మా సమాఖ్యవాళ్ళే. గుర్తింపు ఉన్న పాస్టరు లేని సహవాసానికి హాలు ఏడాదికి మించి ఇవ్వరాదని నియమం. గడువు దగ్గర పడుతోంది, ఆదివారం మధ్యాహ్నాల కోసం ఒక కరాటే క్లాసు కాచుకుని ఉంది. ఇస్సాకు గారు వచ్చింది విజిటర్ వీసా మీద, అది సెప్టెంబరులో అయిపోతుంది. కమిటీ గుర్తిస్తేనే సమాఖ్య ఆయన మతాచార్యుల వీసాకి సిఫారసు చేస్తుంది. గుర్తించకపోతే ఆయన రేపల్లెకీ, హాలు కరాటేకీ.

సహవాసం కార్యదర్శి ప్రభాకర్ అని ఏలూరు కుర్రాడు, ఒక బ్యాంకు ప్రాజెక్టులో కోబాల్ అనే పాత కంప్యూటరు భాషలో ప్రోగ్రామరు. ఇస్సాకు గారు దిగిన రెండో రోజే నాకు ఫోన్ చేశాడు.

"అంకుల్, మా ఫ్లాట్‌లో బాత్రూమ్ ఒక్కటే. మార్నింగ్ ఆఫీస్ టైమ్‌లో క్యూ. అయ్యగారు పాపం టవల్ వేసుకుని లైన్లో నిలబడుతున్నారు. జస్ట్ టూ డేస్ మీ ఇంట్లో అడ్జస్ట్ చేస్తారా? ఈలోపు మేం ఏదో అరేంజ్ చేస్తాం."

పరీక్షకుణ్ణి గనక కుదరదని చెప్పాలి. ఆ మాట ఎంత మర్యాదగా చెప్పాలా అని నేను వాక్యం కూర్చుకుంటూ ఉండగా, పక్కనే ఉన్న మా ఆవిడ సుగుణ ఫోన్ అందుకుని, "తీసుకురా నాయనా, ఆయన చేపలు తింటారా?" అని అడిగేసింది. రెండు రోజులే కదా, కమిటీకి చెప్పేదేముందిలే అని నేనూ ఊరుకున్నాను. మూర్ఖత్వంలో నా వాటా అది.

ఇస్సాకు గారు పొట్టి మనిషి, గట్టి గొంతు. గడప దాటగానే విజిటింగ్ కార్డు తీసి నా చేతిలో పెట్టారు. దాని మీద 'అపొస్తలుడు' అన్న మాట పేరుకన్నా పెద్ద అక్షరాల్లో ఉంది. పొద్దున్నే లేచి పైకే ప్రార్థన చేసేవారు. మొదటిరోజు పక్కింటాయన కంచె మీద నుంచి తొంగి చూసి, ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అని అడిగాడు. ఆయనకి మోకాలి నొప్పి ఉందని తెలిసి, ఇస్సాకు గారు కంచె దగ్గరే ఆ మోకాలి కోసం ప్రార్థించారు. మోకాలు తగ్గలేదు గానీ పక్కింటాయన ఆ ఆదివారం నుంచి బిర్యానీకి రావడం మొదలుపెట్టాడు. మా అమ్మాయి తెలుగు అర్థం చేసుకుని ఇంగ్లీషులో జవాబిచ్చే రకం. ఆయన ఇంగ్లీషు రాకపోయినా తెలుగులో మాట్లాడే రకం. ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర గంటలు గంటలు కబుర్లు చెప్పుకునేవారు. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరికీ తెలుసు, మధ్యలో నాకే అయోమయం.

రెండు రోజులు రెండు వారాలయ్యాయి. ఒక సాయంత్రం, నేను వంటింటి తలుపు దగ్గరికి వేసి, సుగుణకి ఒక చారిత్రక సత్యం వినిపించాను. తొలి సంఘాల కాలం నాటి పాత నియమావళి ఒకటి ఉంది. ఊరూరూ తిరిగే అపొస్తలుణ్ణి ఎలా గుర్తుపట్టాలో అందులో చెప్పారు. వచ్చినవాణ్ణి ప్రభువులా ఆదరించాలి, ఒక రోజు ఉంచుకోవాలి, అవసరమైతే రెండో రోజు కూడా. మూడో రోజు కూడా ఉన్నాడంటే వాడు అబద్ధ ప్రవక్త. వెళ్ళేటప్పుడు తర్వాతి మజిలీ దాకా సరిపడే రొట్టె తప్ప ఇంకేమీ పట్టుకెళ్ళకూడదు.

సుగుణ చేపముక్కలకి కారం పట్టిస్తూ విన్నది. "మూడో రోజుకి మీ పుస్తకంలో అబద్ధ ప్రవక్తేమో, మా ఇంట్లో మూడో రోజుకి చుట్టం. అయినా ఆ రూలు రాసినాయనింట్లో వంట ఎవరు చేసేవారో కనుక్కున్నారా?" అన్నది.

ముందు గదిలోంచి ఆ గట్టి గొంతు వినపడింది. "మరి పౌలుగారు కొరింథులో ఏణ్ణర్థం ఉన్నాడు గదండీ లెక్చరర్ గారూ! ఆయనకెవరూ చెప్పలేదా ఈ రూలు?"

మా గోడలు అంత పల్చనివని ఆ రోజే తెలిసింది.

ఆ తర్వాత ఆ విషయం మా భోజనాల బల్ల మీద కూరలాగే రోజూ ఉండేది. ఆదివారాలు ప్రభాకర్ కూడా కూర్చునేవాడు. క్లాసులో చెప్పినట్టే చెప్పాను. యేసును పట్టించిన యూదా పోయాక అపొస్తలుల్లో పన్నెండో స్థానం ఖాళీ అయినప్పుడు పేతురు ఒక కొలత పెట్టాడు. యోహాను బాప్తిస్మం ఇచ్చిన నాటి నుంచి, యేసు పరలోకానికి వెళ్ళిన నాటి దాకా తమ వెంట ఉన్నవాడై ఉండాలి. ఆయన తిరిగి లేచాడనడానికి సాక్షి కావాలి. ఆ కొలతకి ఇద్దరు తూగారు, చీట్లు వేస్తే మత్తీయ పేరు వచ్చింది.

"అర్థమైంది అంకుల్," అన్నాడు ప్రభాకర్. "ప్రాజెక్ట్ స్టార్టింగ్ నుంచి గో-లైవ్ దాకా ఆన్‌సైట్‌లో ఉండాలన్నమాట."

"అంతే. ఆ లెక్కన పౌలు పనికిరాడు. ఆన్‌సైట్ లేదు."

"ఆన్‌సైట్ లేకపోగా, మొదట్లో ప్రాజెక్టు మూయించడానికి తిరిగాడు కదంకుల్."

పౌలు వాదం వేరని చెప్పాను. నేను ప్రభువును చూశాను, నన్ను పంపింది మనుషులు కాదు అంటాడు. యెరూషలేం నుంచి సిఫారసు లేఖలు ఏవీ అని ఎవరైనా అడిగితే, కొరింథు విశ్వాసుల్ని చూపించి, నా లేఖ వీళ్ళే అంటాడు. అసలు ఆ గ్రీకు మాటకి పంపబడినవాడని అర్థం. పన్నెండుగురి బయట బర్నబాకి, యూనియకి, ఇంకా కొందరికి ఆ పేరు వాడారు. కాబట్టి కొలత ఒకటి కాదు, కనీసం రెండు. ఆ రెంటికీ మధ్య గొడవ ఆనాటి నుంచే ఉంది.

ఇస్సాకు గారు శ్రద్ధగా విని, "మరి మిమ్మల్నెవరు పంపారండీ?" అని అడిగారు.

"డీన్ పంపారు," అన్నాను. సుగుణ పక్కకి తిరిగి నవ్వుకుంది.

ఆ కార్డు మీద బిరుదు ఎలా వచ్చిందో కూడా ఆ బల్ల దగ్గరే కనుక్కున్నాను. మొదట ఆయన్ని బ్రదర్ అనేవారట. తర్వాత పాస్టరన్నారు. ఈలోపు చుట్టుపక్కల ఊళ్ళల్లో ప్రతివాడూ రెవరెండ్ డాక్టరై కూర్చున్నాడు. "ప్రింటింగు ప్రెస్సువాడు ఏం వెయ్యమంటారయ్యగారూ అన్నాడు. నాకేం తెలుసు, ఏదన్నా గట్టిది ఎయ్యరా అన్నా. ఎన్నక్షరాలైనా రేటు ఒకటే అన్నాడు. ఇది పెట్టాడు. చూసుకున్నాక నాకూ బాగానే ఉన్నట్టనిపించింది." దాచుకోకుండా మురిసిపోయే మనిషి.

మే నెలలో పూర్తి దరఖాస్తు నా బల్ల మీదికి వచ్చింది. తయారుచేసింది ప్రభాకర్. కన్సల్టెన్సీలు కోబాల్ కుర్రాళ్ళని అమ్మడానికి వాడే అచ్చులోనే ఇస్సాకు గారి రెస్యూమే పోతపోశాడు. ఇరవై అయిదేళ్ళ అనుభవం. డొమైన్: గ్రామీణం. హోదా: టీమ్ లీడ్. టీమ్ సైజ్: పన్నెండు. ఇక్కడిదాకా నవ్వుతూనే చదివాను. విద్యార్హతల దగ్గర నవ్వు ఆగిపోయింది. బెంగుళూరులో ఫలానా కళాశాలలో ఫలానా సంవత్సరం వేదాంత పట్టా అని ఉంది. ఆ కళాశాలలో చదివింది నేను. ఆ సంవత్సరం పట్టా తీసుకున్నదీ నేనే. నా క్లాసులోనే నాకు తెలియకుండా ఇంకో క్లాస్‌మేట్ తయారయ్యాడు.

చివరి పేజీలో ఇందులో ఉన్నదంతా సత్యమని ప్రమాణం, దాని కింద ఇస్సాకు గారి తెలుగు సంతకం. దరఖాస్తులో అబద్ధం ఉంటే తిరస్కరించాలన్నది కమిటీ నియమాల్లో మొదటిది.

ప్రభాకర్‌ని పిలిచి అడిగాను. వాడు తడుముకోలేదు.

"అంకుల్, డిగ్రీ లేకపోతే షార్ట్‌లిస్ట్ కూడా చెయ్యరు. అందరూ పెడతారు అంకుల్. మార్కెట్ అలా ఉంది."

"ఇది మార్కెట్టట్రా? చర్చి!"

"చర్చి కూడా పేపర్సే కదా అడుగుతోంది?"

దరఖాస్తు వెనక్కి తీసుకోమన్నాను. కమిటీ ముగ్గురికీ కాపీలు అప్పుడే కొరియర్లో వెళ్ళిపోయాయన్నాడు.

మర్నాడు మార్గరెట్ దగ్గరికి వెళ్ళి, దరఖాస్తుదారు రెండు నెలలుగా మా ఇంట్లోనే ఉంటున్నాడని ఒప్పుకున్నాను. దాన్ని మా భాషలో ప్రయోజన ప్రకటన అంటారు. మొదటి రోజే చెయ్యాల్సింది. ఆవిడ కళ్ళజోడు మీదుగా నన్ను చూసి, "రెండు రోజులని రెండు నెలలా?" అని అడిగి, పరీక్షకుడి పని నుంచి తప్పించింది. బెంగుళూరు సంగతి నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. చెప్తే ఆ మనిషి పని అక్కడితో సరి. చెప్పకపోతే నా పనీ అంతే, ఆలస్యంగా. నేను ఎటూ తేల్చుకునేలోపే ఆవిడ ఇంకో మాట అన్నది. విచారణ రోజుకి తెలుగు దుబాసీలు ఎవరూ దొరకలేదు, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే ఆ పని నన్ను చెయ్యమన్నది. పరీక్షకుడిగా మొదలై దుబాసీనయ్యాను. బిస్కెట్లు మాత్రం ఉంటాయని హామీ ఇచ్చింది.

దుబాసీ పనికి కొన్ని కట్టుబాట్లున్నాయి. అవతలివాడు అన్నది అన్నట్టు చెప్పాలి. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట మింగకూడదు. "ఆయన ఇలా అంటున్నారు" అనకూడదు. ఆయన 'నేను' అంటే మనమూ 'నేను' అనాలి. తేలికగా కనిపిస్తుంది. చేసి చూడాలి.

విచారణ రోజు పొద్దున ఇడ్లీలు తింటూ ఇస్సాకు గారు, "ఇంతకీ ఆ కాయితాల్లో నా గురించి ఏం రాశారండీ పిల్లలు? ప్రభాకరం సంతకం పెట్టమంటే పెట్టా," అన్నారు. మొత్తం తెలుగు చేసి వినిపించాను. టీమ్ లీడ్ దగ్గర సంబరపడ్డారు. పన్నెండుగురెవరో వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నారు, తొమ్మిది దగ్గర ఆగారు. బెంగుళూరు దగ్గర ఇడ్లీ పక్కన పెట్టారు.

"ఇది తెలిసి ఎన్నాళ్ళయింది మీకు?"

చెప్పాను.

"అందుకా నాలుగు రోజుల్నించీ మీరు అన్నం కెలుకుతున్నారు," అని చెయ్యి కడుక్కుని, "సరే, నే చెప్తాలే. మీరు నడుమ అడ్డం రాబాకండి," అన్నారు.

కమిటీ గదిలో పొడుగాటి బల్ల. ఒకవైపు వాళ్ళు ముగ్గురు, ఇటువైపు మేమిద్దరం. వరండాలో సహవాసం కుర్రాళ్ళు నలుగురైదుగురు, ప్రభాకర్‌తో సహా, ఆఫీసులకి సెలవు పెట్టి కూర్చున్నారు. మార్గరెట్ మొదటి ప్రశ్న సూటిగానే వేసింది. "మీ పేరు ముందు అపొస్తలుడు అని ఉంది. ఏ అర్హత మీద?"

ఇస్సాకు గారు చేతులు బల్ల మీద పెట్టి మొదలుపెట్టారు. "దానికి ముందు ఇంకో మాట చెప్పాలమ్మా. ఆ కాయితంలో నేను బెంగుళూరులో చదివానని ఉందంట. నేను బెంగుళూరు చూళ్ళేదు. రైల్లో కూడా దాటలా. ఏడో తరగతి దాకా చదివా, అదీ రెండుసార్లు."

నాలుగేళ్ళు బెంగుళూరు హాస్టల్లో సాంబారు తాగినవాణ్ణి, నేను బెంగుళూరు చూడలేదని ఆ ముగ్గురికీ ఇంగ్లీషులో చెప్పాను. ఏడో తరగతి రెండుసార్లు చదివానని కూడా చెప్పాను. ఒక సభ్యుడి పెన్ను ఆగిపోయింది.

"ఈ లెక్చరర్ గారికి ఆ సంగతి తెలుసు," అని ఇస్సాకు గారు నన్ను చూపించారు. "చెప్తే నాకు నష్టం, చెప్పకపోతే ఆయనకి నష్టం. నాలుగు రోజుల్నించీ సరిగ్గా అన్నం తినట్లా. మంచోడు. పాఠం బాగా చెప్తాడు. కాకపోతే, ప్రార్థన చెయ్యమంటే కింద చిన్నక్షరాలతో సహా చేస్తాడు."

కట్టుబాటు కట్టుబాటే. ఈ లెక్చరర్ మంచివాడేననీ, ప్రార్థన మాత్రం ఫుట్‌నోట్లతో చేస్తాడనీ, నా మీద నేనే ఫిర్యాదు చేసినట్టు చెప్పాను. ఆ ముగ్గురూ నన్ను పదేళ్ళుగా ఎరిగినవాళ్ళు. మార్గరెట్ దగ్గు వచ్చినట్టు రుమాలు అడ్డం పెట్టుకుంది. దుబాసీ ఏదీ దాచడం లేదని కమిటీకి నమ్మకం కుదిరిందని మినిట్స్‌లో రాయించింది.

తర్వాత ఆవిడ గొంతు మారింది. సంతకం పెట్టిన దరఖాస్తులో అబద్ధం ఉందని, అది ఎవరు రాశారని అడిగింది. ఇస్సాకు గారు, "సంతకం నాది. నాదే అనుకోండి," అన్నారు. నేను అనువదించడం పూర్తవకముందే తలుపు దగ్గర ప్రభాకర్ నిలబడి ఉన్నాడు. ఆ తలుపు దగ్గరికి వేసి ఉంది గానీ మూసి లేదు. మనవాళ్ళు వరండాలో కూర్చుంటే తలుపులు పూర్తిగా మూసుకోవు.

అది రాసింది తనేనన్నాడు. మార్గరెట్ లోపలికి రమ్మని కుర్చీ చూపించింది. నిలబడే చెప్పాడు. తన రెస్యూమే కూడా అలాగే తయారైంది. హైదరాబాదు కన్సల్టెన్సీవాళ్ళు లేని రెండేళ్ళ అనుభవం చేర్చి ఇక్కడికి పంపారు. పని అందుకోలేకపోతున్నాడని ఏప్రిల్లో బ్యాంకు ప్రాజెక్టు నుంచి తీసేశారు. కొత్త పని దొరికేదాకా జీతం లేకుండా కూర్చోవడాన్ని కుర్రాళ్ళు బెంచి మీద ఉండటం అనేవారు. ఆ రోజుల్లో, మిగతా అయిదుగురూ ఆఫీసులకి వెళ్ళగానే వీడు తలుపేసుకుని పడుకునేవాడు. ఇంటికి ఫోన్ చెయ్యలేదు. ఎవరికీ చెప్పలేదు. అయ్యగారు మాత్రం ఎలా కనిపెట్టారో, రోజూ పొద్దున రైలెక్కి వచ్చి, సింకులో గిన్నెలు కడిగి, పక్కన కూర్చునేవారు. ప్రసంగం చెయ్యలేదు. నాలుగోరోజు మాత్రం, నీకు పని చూపించేవాడి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పిరా అన్నారు. వెళ్ళి చెప్పాడు. ఏజెంటు తిట్టాడు, చివరికి కోబాల్ రాసే పని కాకుండా, ఇంకొకరు రాసింది పరీక్షించే చిన్న పని ఇప్పించాడు.

"నిజం చెప్తే నాకు చిన్న పనైనా దొరికింది. అయ్యగారికి అదీ దొరకదేమోనని భయపడ్డాను. నాచేత నిజం చెప్పించినాయన మీద నేనే అబద్ధం రాశాను," అని ముగించాడు. ఇదంతా వాడు ఇంగ్లీషులో చెప్పాడు. తెలుగు చేసి ఇస్సాకు గారికి వినిపించాల్సిన వంతు నాది. గిన్నెల దగ్గర ఆయన, "అది చెప్పకపోతే ఏంరా, సింకు పరువు పోయింది," అన్నారు. అదీ ఇంగ్లీషు చేశాను.

ఆయన రోజూ పొద్దున ఎక్కడికి వెళ్తున్నారో రెండు నెలలు ఒకే ఇంట్లో ఉండి నేను అడగలేదు. స్టేషను దగ్గర టీ కోసమనుకున్నాను.

మార్గరెట్ మళ్ళీ మొదటి ప్రశ్నకే వచ్చింది. "సరే. ఏ అర్హత మీద?"

ఇస్సాకు గారు ప్రెస్సువాడి సంగతి, అక్షరాల రేటు సంగతి దాచకుండా చెప్పారు. ఆ తర్వాత, "పో అన్నచోటికి పోయానమ్మా. నన్ను పంపినవాణ్ణి మీకు చూపించలేను. పోయినచోట వాళ్ళనైతే అడగొచ్చు. ఇందాక ఒకణ్ణి అడిగారుగా," అన్నారు. అవన్నీ 'నేను' అంటూ చెప్పాను. నన్ను పంపినవాణ్ణి నేను చూపించలేను అని మార్గరెట్ ముఖంలోకి చూసి చెప్తుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అప్పుడావిడ, చరిత్ర దృష్టితో ఆ బిరుదు ఈ కాలంలో ఎవరికైనా చెల్లుతుందా అని లెక్చరర్‌గా నన్నడిగింది. పేతురు కొలత, పౌలు వాదం, రెండూ చెప్పాను. మొదటి కొలతతో ఆనాటి తరం తర్వాత ఎవరూ తూగరని, రెండోదాన్ని ఏ కమిటీ కొలవలేదని అన్నాను. దుబాసీని కాబట్టి నా మాటలను మళ్ళీ నేనే ఇస్సాకు గారికి తెలుగు చేశాను. ఇంగ్లీషులో ఎంతో బరువుగా ఉన్నవి తెలుగులోకి వచ్చేసరికి మూడు వాక్యాలయ్యాయి.

"మరి ఈ బల్లకాడికి పౌలుగారొస్తే ఏం చేస్తారు?" అన్నారాయన.

మార్గరెట్ ఆలోచించింది. "పోలీస్ క్లియరెన్సు దగ్గరే ఆగిపోతాడు. ఎన్ని జైళ్ళు!" అన్నది. ఆ గదిలో అందరూ ఒకేసారి నవ్వింది అప్పుడే.

నిర్ణయం వారం తర్వాత వచ్చింది. ప్రశ్న అడగకముందే దరఖాస్తుదారు స్వయంగా తప్పు సరిదిద్దాడు గనక, ఆ పంక్తి కొట్టివేసి మిగతా దరఖాస్తును స్వీకరించారు. పట్టా లేదు గనక పూర్తి పాస్టరు హోదా ఇవ్వలేదు. దానికి కింద మెట్టయిన, పట్టా అక్కర్లేని లే పాస్టరుగా ఏడాదికి గుర్తించారు. వీసాకి సిఫారసు చేశారు, హాలు నిలిచింది. కరాటేవాళ్ళు గురువారానికి మారారు. అపొస్తలుడన్న హోదా సమాఖ్య పట్టికలో లేదు గనక రికార్డుల్లో శ్రీ పి. ఇస్సాకు అని ఉంటుందని, సొంత కార్డుల మీద ఏం వేసుకున్నా అడ్డులేదని రాశారు. కార్డులు ఇంకా చాలా మిగిలి ఉన్నాయని ఆయన ఊపిరి పీల్చుకున్నారు. ఆ నెలలోనే సహవాసంవాళ్ళు స్టేషను పక్కన ఆయనకొక గది చూశారు. సుగుణ వారం రోజులు చేపలు వండలేదు.

ఆ వ్యవహారం నాకు నేర్పింది రెండు పనులు. పరీక్షకుడిగా ఒప్పుకున్న రోజే, అభ్యర్థికీ మనకీ ఉన్న సంబంధమేమిటో కాగితం మీద పెట్టెయ్యాలి. పట్టా ఒక మనిషి ఎక్కడ చదివాడో చెప్తుంది, సిఫారసు ఎవరు పంపారో చెప్తుంది. వెళ్ళాడా లేదా అన్నది వెళ్ళినచోట తప్ప తెలియదు. ఆ తర్వాత పరీక్షకుడిగా కూర్చున్న ప్రతిసారీ, అభ్యర్థి పనిచేసిన చోటు నుంచి ఒకరిని పిలిపించి వినాలని పట్టుబట్టాను. కొన్నాళ్ళకి అది కమిటీ నియమాల్లో చేరింది. నా పేరు చేరలేదు, నియమాలకి ఫుట్‌నోట్లు ఉండవట.

కమిటీ నిర్ణయంలో ఇంకొక షరతు కూడా ఉంది. ఆ సంవత్సరం చివరిలోగా శ్రీ ఇస్సాకు మా కళాశాల సాయంకాలం సర్టిఫికెట్ కోర్సులో ఆది సంఘ చరిత్ర పాసవ్వాలి. అంటే నా క్లాసు. ముందు బెంచీలో కూర్చునేవారు. హాజరు పిలిస్తే స్తోత్రం అనేవారు. కంప్యూటర్లన్నీ ఆగిపోయి డిసెంబరుతో లోకం అంతమవుతుందా అని తోటి విద్యార్థులు అడిగితే, "అప్పటికి ఈయన పరీక్ష అయిపోద్ది. నాకదే పెద్ద గండం," అనేవారు. తెలుగులో రాయడానికి అనుమతి ఇప్పించాను. నవంబరులో పరీక్ష. పాసయ్యారని ఇప్పుడే చెప్పేస్తున్నాను, ఆ విషయంలో ఎవరూ కంగారు పడనక్కర్లేదు.

మా దగ్గర ప్రశ్నపత్రాన్ని ఇంకొక అధ్యాపకుడు చూసి సంతకం పెడితేగాని అచ్చుకి వెళ్ళదు. ఆయన నా పేపరు చదివి, మూడో ప్రశ్న కింద ఉన్న చిన్నక్షరాల పంక్తి ఎందుకని అడిగాడు. విద్యా ప్రమాణాల కోసమన్నాను. పరీక్ష రోజు పర్యవేక్షకుణ్ణీ నేనే. ఇస్సాకు గారు కళ్ళజోడు పెట్టుకుని మొదటి రెండు ప్రశ్నలు చదివి తలాడించారు. మూడోది ఇది: "ఆది సంఘంలో ఒకరిని అపొస్తలుడిగా గుర్తించడానికి వాడిన కొలతలేమిటి? పేతురు చెప్పినదాన్నీ, పౌలు వాదించినదాన్నీ పోల్చి వివరించండి." దాని కింద చిన్నక్షరాల్లో: "స్వానుభవం రాయరాదు. రాసినా మార్కులు ఉండవు."

అది చదివి ఆయన తలెత్తి, హాలు మధ్యలో నిలబడ్డ నన్ను చూశారు. "లెక్చరర్ గారూ, ఇది నాకోసమే వేశారు గదా?" అన్నారు.

పరీక్ష హాల్లో అభ్యర్థులు మాట్లాడకూడదని చెప్పాను.